గ్రీకు సిపాయి కాళ్లకు ఏముంది?

నాట్ల కాలంలో నల్లగొండ జిల్లా దామరచర్ల చుట్టుపక్కల పొలాల వెంట నడిస్తే గట్ల మీద చెప్పుల వరసలు కనబడతాయి. పది పన్నెండు జతలు, ఎక్కువ రబ్బరువి, మధ్యలో ఎక్కడో ఒక తోలు జత. మనుషులు మాత్రం పిక్కల లోతు బురదలో వంగి ఉంటారు. పొద్దుగూకే వేళకు కాలవలో కాళ్లు కడుక్కొని ఎవరి జత వాళ్లు వెతుక్కుంటారు. ఇక్కడ పుట్టినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. బురదలోకి చెప్పులతో దిగితే కాలు బయటికొస్తుంది, చెప్పు లోపలే ఉండిపోతుంది.

ఈ సంగతి మీద నాకు ధ్యాస మళ్లింది మా మనవడి వల్ల. వాడి బొమ్మల పుస్తకంలో ఒక గ్రీకు సిపాయి ఉన్నాడు. తల మీద గుర్రపు వెంట్రుకల కుచ్చు పెట్టిన కంచు టోపీ, ఛాతీకి కవచం, ఎడమ చేతికి గుండ్రటి పెద్ద డాలు, కుడి చేతిలో ఈటె, మోకాళ్ల నుంచి చీలమండల దాకా తళతళలాడే కంచు రేకులు. ఆ కింద ఉత్త పాదాలు.

"ఇంత సామాను మోస్తుండు గదా తాతా, కాళ్లకు చెప్పుల్లేవేంది?" అన్నాడు.

"బొమ్మ గీసినాయన మర్చిపోయి ఉంటడు లేరా" అని అప్పటికి తప్పించుకున్నాను. తర్వాత తీరికగా చదివితే బొమ్మ గీసినాయన తప్పేమీ లేదని తెలిసింది. రెండున్నర వేల ఏళ్ల కింద గ్రీకులే తమ సిపాయిలను అట్లా గీసుకున్నారు. రోములోని విల్లా జూలియా మ్యూజియంలో కిజీ కూజా అని ఒకటుంది. క్రీ.పూ. 650 ప్రాంతంలో కొరింత్‌లో చేసింది. దాని మీద రెండు సేనలు ఈటెలెత్తి ఎదురుబొదురుగా వస్తుంటాయి. అడుగు తప్పకుండా నడవడానికి వేణువులు ఊదేవాడు కూడా ఉన్నాడు. సిపాయిల పిక్కలకు కవచాలున్నాయి, పాదాలకు ఏమీ లేదు. ఆ తర్వాత రెండు వందల ఏళ్ల పాటు ఏథెన్స్‌లో తయారైన వందల కుండల మీదా ఎక్కువగా ఇదే వరస.

మరి నిజంగానే వట్టి కాళ్లతో యుద్ధం చేశారా? ఇక్కడ తొందరపడితే పొరపాటు పడతాం. అవే కుండల మీద సిపాయిలు చాలాసార్లు మొలకు గుడ్డ కూడా లేకుండా, డాలు ఈటెలతో మాత్రమే నిలబడి ఉంటారు. అట్లా ఎవరూ యుద్ధానికి పోరు గదా. వీరుణ్ణి దిగంబరంగా, వట్టి పాదాలతో చూపడం గ్రీకు చిత్రకారుల ఆనవాయితీ. వాళ్ల కళ్లకు శరీరమే అందం, చెప్పు అంటే బజారుకు పోయే వస్తువు. మన గుళ్ల స్తంభాల మీద, ఊరి బయట వీరగల్లుల మీద కత్తి దూసిన వీరుల పాదాలు చూడండి. చెప్పులు తొడిగినవాడు దొరకడం అరుదు. దాన్ని బట్టి మన సేనలన్నీ చెప్పుల్లేకుండానే నడిచాయని ఎవరూ తీర్పు చెప్పరు.

కాబట్టి బొమ్మలను కాసేపు పక్కన పెట్టి, ఆ యుద్ధాల్లో స్వయంగా పాల్గొన్నవాళ్లు, అప్పుడు బతికున్నవాళ్లు రాసిన మాటలు చూడాలి. అంతకన్నా ముందు నేలను చూడాలి.

దామరచర్ల మండలానికి రెండు రకాల నేలలున్నాయి. ఒకటి నాగార్జునసాగర్ ఎడమ కాలువ తడిపే మాగాణి. 1967లో కాలువలకు నీళ్లు వదిలాక ఈ పక్కంతా వరి పచ్చబడింది, మిర్యాలగూడలో రైసు మిల్లులు లేచాయి. రెండోది సున్నపురాయి. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసే చోట, ఏరు దాటి పల్నాడులో అడుగుపెడితే అక్కడా, పలకలు పలకలుగా పైకి తేలిన రాయి. ఇక్కడి సిమెంటు ఫ్యాక్టరీలు నడిచేది ఆ రాతి మీదే. మాగాణిలో దిగేవాడు చెప్పులు విడుస్తాడు. అదే మనిషి గుట్టల్లోకి మేకల వెంట పోయేటప్పుడు చెప్పుల్లేకుండా అడుగు తీసి అడుగు వేయలేడు, కింద రాయి, పైన ముళ్లు.

గ్రీసు దేశం చాలా మటుకు ఈ రెండో రకం. సున్నపురాతి కొండలు, కరకు అంచులు, మోకాలెత్తు ముళ్ల పొదలు, వాటి మధ్య అక్కడక్కడా చిన్న చిన్న బయళ్లు. ఆ బయళ్లలోనే బార్లీ, గోధుమ పండేవి, అక్కడే యుద్ధాలూ జరిగేవి. పెద్ద డాళ్లు ఒకదానికొకటి ఆనించి ఎనిమిది వరసలుగా నిలబడి నెట్టుకునే ఆ సేనకు చదును నేల తప్పనిసరి. వాళ్లు వెతికి వెతికి చదునైన చోటే కొట్టుకుంటారని ఒక పారసీక సేనాని వెక్కిరించినట్టు గ్రీకు చరిత్రకారుడు హెరోడోటస్ రాశాడు. కోత కోసిన చేనులో, ఎండాకాలంలో, ఒక పూట సాగే తోపులాట అది. అంతవరకైతే వట్టి కాళ్లతోనైనా కొట్లాడవచ్చు. కాలివేళ్లు నేలను పట్టుకుంటాయి, వెనక కాలు ఊనుకొని ముందుకు నెట్టవచ్చు. కానీ ఆ చేను దాకా చేరాలి గదా! కొండలు, కనుమలు దాటి, సామాను మోసుకొని, ఒక్కోసారి వారం పైన నడిచి. యుద్ధం ఒక పూట, నడక వారం. సిపాయి చెప్పుల గురించి మాట్లాడుకునేటప్పుడు చాలామంది ఆ పూటనే లెక్కలోకి తీసుకుంటారు, వారాన్ని వదిలేస్తారు.

వట్టి పాదాల పైన మెరిసే ఆ కంచు రేకుల గురించి కూడా ఒక మాట. వాటిని గ్రీకులు క్నెమిడెస్ అనేవారు. హోమర్ తన కావ్యంలో గ్రీకులను పదే పదే "మంచి పిక్క కవచాల వాళ్లు" అనే అర్థం వచ్చే విశేషణంతో పిలుస్తాడు. పల్చటి కంచు రేకును కాలి కండల ఆకారానికే సాగగొట్టేవారు. వాటికి తాళ్లు లేవు, గుండీలు లేవు. రేకును కాస్త విప్పదీసి పిక్కకు తగిలిస్తే తనంతట తానే బిగిసి పట్టుకుంటుంది, మన ఆడవాళ్లు చేతికి ఎక్కించుకునే విప్పు కడియంలా. డాలు మోకాళ్ల దాకా కాపాడుతుంది, ఆ కింది భాగానికి ఈ రేకులు. పాదాల మీద కప్పే కంచు తొడుగులు కూడా కొన్ని తవ్వకాల్లో దొరికాయి గానీ చాలా కొద్ది. నాలుగు అడుగులు వేయడానికే ఇబ్బంది పెట్టే ఆ వస్తువు జనానికి నచ్చలేదంటే ఆశ్చర్యం లేదు.

ఇక రాతల సంగతి. నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టం చరిత్రకారుడు థ్యూసిడిడెస్ రాసిన ప్లాటియా ముట్టడిలోది. ప్లాటియా చిన్న ఊరు, ఏథెన్స్‌కు నేస్తం. స్పార్టా వాళ్లు, థీబ్స్ వాళ్లు దాని చుట్టూ ఇటుకల గోడ కట్టి దిగ్బంధించారు. క్రీ.పూ. 428 చలికాలం నాటికి లోపల గింజలు అయిపోవచ్చాయి. కొందరు తెగించి బయటపడాలనుకున్నారు. శత్రువు గోడలో సున్నం పూయని చోట ఇటుకల వరసలను దూరం నుంచే చాలామంది, చాలాసార్లు లెక్కబెట్టి, ఆ లెక్కతో నిచ్చెనలు చేసుకున్నారు. చంద్రుడు లేని, గాలివాన కొట్టే రాత్రి చూసుకొని బయల్దేరారు. తేలికపాటి ఆయుధాలు, ఒకరి ఆయుధం ఒకరికి తగిలి చప్పుడు కాకుండా ఎడమెడంగా నడక. అందరికీ ఎడమ కాలికి మాత్రమే చెప్పు. కుడి కాలు ఖాళీ. బురదలో జారకుండా ఉండేందుకని థ్యూసిడిడెస్ కారణం కూడా చెప్పాడు. ఆ రాత్రి 212 మంది తప్పించుకున్నారు.

ఈ ఒంటి చెప్పు మీద పండితులు చాలా రాశారు. అది ఏదో మొక్కు, పాతాళ దేవతలకు చేసుకునే క్రతువు అన్నవాళ్లున్నారు. నాకు అంత దూరం పోవాలనిపించదు. మా పొలంలో నాటు వేసే ఆడవాళ్లకు ఈ కథ చెప్పి, రెండు కాళ్లకూ ఎందుకు తొడుక్కోలేదో చెప్పమన్నాను. ఒకామె నాటు ఆపకుండానే "బురదల వేళ్లు దిగబడాలె గద సారూ, లేకుంటే మనిషి ఆగుతడా?" అంది. మరి ఎడమ కాలికి ఎందుకుంచుకున్నారన్నాను. "అవతల గోడ ఎక్కాలె అన్నవు గదా" అంది. కందకంలో బురద, దాని మీద పల్చటి మంచు పొర, ఆ పైన ఇటుకల గోడ. రెండు రకాల నేలకు రెండు రకాల కాళ్లు. నాకు ఈ జవాబు చాలు.

సరే, ఈ కథ బట్టి ఇంకో సంగతి కూడా రుజువైంది. ఒక కాలికి మాత్రమే తొడుక్కోవడం రాసిపెట్టుకునేంత విశేషమైందంటే, మామూలుగా రెండు కాళ్లకూ తొడుక్కునేవారన్నమాట.

రెండో సాక్షి జెనొఫోన్. ఈయన స్నేహితుడి పిలుపు మీద సేన వెంట పోయి సేనాని అయినవాడు. క్రీ.పూ. 401లో పారసీక రాజకుమారుడు ఒకడు అన్న మీద తిరగబడటానికి దాదాపు పదివేల మంది గ్రీకు కిరాయి సిపాయిలను పిలిపించుకున్నాడు. బాబిలోను దగ్గర యుద్ధంలో ఆ రాకుమారుడే చచ్చిపోయాడు. పిలిచినవాడు పోయాక పరాయి దేశం నడుమ దిక్కులేకుండా మిగిలిన ఆ సేన ఉత్తరాన కొండల మీదుగా నల్ల సముద్రానికి నడిచింది. ఆర్మేనియాలో మంచులో చిక్కుకున్నారు. వెంట తెచ్చుకున్న చెప్పులు అప్పటికే అరిగి తెగిపోయాయి. తిండికి కోసిన ఎడ్ల తోళ్లనే కాళ్లకు చుట్టి తాళ్లతో కట్టుకున్నారు. వీటిని కార్బటినె అనేవారు. ఒకే తోలు ముక్క, కుట్టు లేదు, అట్ట లేదు, పల్లెల్లో బీదసాదలు వేసుకునేది. రాత్రి వాటితోనే పడుకున్నవాళ్లకు తాళ్లు మాంసంలోకి దిగిపోయాయి, తోలు పాదానికి గడ్డకట్టుకుపోయింది. కొందరికి కాలివేళ్లు కుళ్లి ఊడాయి. పగలు ఎక్కడా కదలకుండా నిలబడొద్దు, రాత్రి తప్పకుండా విప్పేసి పడుకోవాలి, దీనికి అదే మందు అని జెనొఫోన్ రాసిపెట్టాడు.

పచ్చి తోలు అంత పని ఎందుకు చేసింది? ఇది పుస్తకాల్లో కన్నా మిర్యాలగూడలో చెట్టు కింద కూర్చొని చెప్పులు కుట్టే ఒక పెద్దమనిషి దగ్గర బాగా అర్థమైంది. "పచ్చి తోలు ఎండితే బిగుస్తది సారూ" అన్నాడు చేతిలో ఆరె ఆపి. "డప్పుకు మేము మూసేది అందుకే గదా. కాలుకు కడితే కాలే డప్పయితది." తర్వాత ఆయన తన తండ్రి రోజుల నాటి లంద గురించి చెప్పాడు. తోలును సున్నపు నీళ్లలో వేసి వెంట్రుకలు పీకి, గీకి, కడిగి, తంగేడు చెక్క నానిన నీళ్లలో రోజుల తరబడి ఉంచేవారు. ఆ వగరు తోలులోకి ఇంకాక ఇక అది తడిసినా కుళ్లదు, ఎండినా కొయ్యబారదు. గ్రీకులు కూడా చెట్ల బెరడు వగరుతోనే తోళ్లు పదును చేసేవారు. మంచులో నడిచే సేనకు ఆ రోజులు ఎక్కడివి? అప్పుడే ఒలిచిన తోలు తడిగానే కాలికెక్కింది.

సిపాయిలు చెప్పులు తొడుక్కునేవారన్న మాటకు ఎదురు సాక్ష్యంలా కనబడేది సోక్రటీసు. తత్వవేత్తగానే మనకు తెలిసిన ఈ ముసలాయన అంతకు ముందు ఈటె పట్టి మూడు యుద్ధాల్లో నిలబడ్డ సిపాయి. క్రీ.పూ. 432లో మొదలైన పోటిడియా దండయాత్రలో చలికి గడ్డకట్టిన నేల మీద మిగతావాళ్లు చెప్పులు తొడిగి, వాటి మీద కంబళి ముక్కలు, గొర్రె తోళ్లు చుట్టుకొని బయటికి వస్తుంటే, ఈయన రోజూ కప్పుకునే పాత శాలువాతో, వట్టి కాళ్లతో వాళ్లకన్నా హాయిగా నడిచాడట. తమను చులకన చేయడానికే ఇట్లా చేస్తున్నాడని తోటి సిపాయిలు గుర్రుగా చూశారని ఆయన శిష్యుడు ప్లేటో రాశాడు. ఆ సిపాయిల కోపంలోనే మనకు కావలసిన రుజువుంది. ఆ గుంపులో చెప్పుల్లేనివాడు ఈయనొక్కడే.

ఇంకో తమాషా. చెప్పులు తొడగని ఈ సోక్రటీసు ఏథెన్స్‌లో కూర్చొని కబుర్లు చెప్పే చోట్లలో ఒకటి సైమన్ అనే చెప్పులు కుట్టేవాడి దుకాణం అని పాత పుస్తకాలు చెబుతాయి. 1950లలో అమెరికన్ పురావస్తు శాస్త్రజ్ఞులు ఏథెన్స్ పాత బజారు మూల మీద ఒక ఇల్లు తవ్వితే అక్కడ చిన్న చిన్న ఇనుప మేకులు, తాళ్లు దూర్చే ఎముక రింగులు బోలెడు దొరికాయి. పగిలిన గిన్నె అడుగు మీద "సైమన్‌ది" అని గీసి ఉంది. అదే సైమనా అన్నది అటుంచితే, క్రీ.పూ. 5వ శతాబ్దంలోనే చెప్పు అట్టకు ఇనుప మేకులు కొట్టే అలవాటు ఉందని ఆ నేల చెప్పింది.

స్పార్టావాళ్ల సంగతి చెప్పకపోతే పాఠకులు ఊరుకోరు, సినిమాల పుణ్యమా అని. అక్కడ పిల్లలను కావాలనే చెప్పుల్లేకుండా పెంచేవారు. పాదాలు గట్టిపడితే గుట్టలెక్కడం, దిగడం, దూకడం, పరుగెత్తడం చెప్పులు తొడిగినవాడికన్నా బాగా వస్తుందని వాళ్ల నమ్మకం. ఇది కూడా జెనొఫోన్ మాటే. ఈ నమ్మకం ఎంతవరకు పనికొస్తుందో మన పల్లెల్లో పెరిగినవాళ్లకు తెలుసు. చిన్నప్పుడు తుమ్మముల్లు దిగినా పట్టించుకోని పాదం పట్నంలో పదేళ్లుంటే కంకర రాయికి కుయ్యో మంటుంది. ఇందులో నవ్వొచ్చే సంగతి ఏంటంటే, వట్టి కాళ్ల పెంపకానికి పేరుపడ్డ ఆ స్పార్టా పేరు మీదే ఏథెన్స్ బజారులో మగవాళ్ల మంచి బూట్లు అమ్ముడుపోయేవి. వాటిని లాకోనికాయ్ అనేవారు. క్రీ.పూ. 422లో ఆడిన అరిస్టోఫనీస్ నాటకం "కందిరీగలు"లో కొడుకు తండ్రికి ఈ బూట్లు తొడగబోతే, శత్రువుల చెప్పుల్లో నా కాలు పెట్టనని ముసలాయన మొండికేస్తాడు. అప్పటికి రెండు ఊళ్ల మధ్య తొమ్మిదేళ్లుగా యుద్ధం నడుస్తోంది. చైనా సరుకు కొంటూ చైనాను తిట్టే మన ఇళ్ల ముచ్చటే ఇది.

ఇక ఇఫిక్రటీసు. గ్రీకు సిపాయి చెప్పుల చరిత్రలో పేరు నిలిచిన మనిషి ఈయన. ఏథెన్స్ సేనాని. క్రీ.పూ. 390లో కొరింత్ దగ్గర తేలిక డాళ్లు, విసిరే ఈటెలు పట్టిన సిపాయిలతో స్పార్టా బరువు సేననొకదాన్ని చావగొట్టి గ్రీసు దేశమంతా నోరు తెరిచేలా చేశాడు. తర్వాత సేన సరంజామా అంతా మార్చాడు. పెద్ద డాళ్లు తీసేసి చిన్నవి ఇచ్చాడు, ఈటెలు, కత్తులు పొడవు చేశాడు, చివరికి కాళ్ల దగ్గరికొచ్చి తేలికగా, చటుక్కున విప్పుకోగలిగేలా కొత్త బూట్లు చేయించాడు. వాటికి ఆయన పేరే పడింది, ఇఫిక్రటిడెస్ అని. ఇంగ్లండులో వెల్లింగ్టన్ దొర పేరు మోకాలి బూటుకు పడ్డట్టు. ఈ కథంతా చరిత్రకారుడు డయోడరస్ చెప్పాడు.

సేనానులు చాలామంది ఉండగా ఈయనకే చెప్పుల మీద దృష్టి ఎందుకు పోయింది? ఇఫిక్రటీసు చెప్పులు కుట్టేవాడి కొడుకని ప్రతీతి. ఒకసారి గొప్ప వంశంలో పుట్టినవాడొకడు ఈ పుట్టుకను ఎత్తిపొడిచాడట. నా వంశం నాతో మొదలవుతుంది, నీ వంశం నీతో ఆగిపోతుంది అనే అర్థంలో ఈయన జవాబిచ్చాడని జీవిత చరిత్రల రచయిత ప్లూటార్క్ రాశాడు. చిన్నప్పుడు ఇంట్లో తోలు వాసన మధ్య పెరిగినవాడికి ఏ పట్టె ఎక్కడ కోస్తుందో, తడిసిన ముడి చీకట్లో విప్పలేక సిపాయి ఎట్లా తన్నుకుంటాడో ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ చోట నా మనసు మా జిల్లా మీదికి పోతుంది. నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో దొర గడీ ముందు నుంచి నడవాలంటే కాలి చెప్పులు విప్పి చేత పట్టుకోవలసిన రోజులు మా పెద్దలు చూశారు. దొరకు కిర్రు చెప్పులు కుట్టి ఇచ్చిన చేతులకు తమ కాళ్లకు తొడుక్కునే హక్కు లేదు. కిర్రు కిర్రున ఎంత చప్పుడైతే అంత దర్జా. అట్లాంటి ఇంట్లో పుట్టిన బిడ్డ సేనాని అయి, సేనంతా ఆయన పేరు పెట్టుకున్న చెప్పులేసుకొని నడిచే కథ మా వైపు ఎవరికీ తట్టి ఉండదు.

ఇఫిక్రటీసు తర్వాతి తరంలో రంగం మాసిడోనియాకు మారింది. అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ తన సిపాయిలను పూర్తి ఆయుధాలతో, తిండి మూటలతో 300 స్టేడియాలు నడిపించి సాధన చేయించేవాడని రాశారు. మన లెక్కలో 55 కిలోమీటర్లు. దామరచర్లలో బయల్దేరి మిర్యాలగూడ మీదుగా దాదాపు నల్లగొండ చేరినంత. ఇట్లాంటి నడకకు తగిన చెప్పు క్రెపిస్. తోలు పొరలు ఒకదాని మీద ఒకటి వేసి కుట్టిన మందపాటి అట్ట, మడమ చుట్టూ తోలు, పాదం మీద వలలాగా అల్లిన పట్టెలు, వేళ్లు బయటికే. గాలి ఆడుతుంది, తడిస్తే త్వరగా ఆరుతుంది, పట్టె తెగితే అదొక్కటే మార్చుకోవచ్చు. అట్ట కింద ఇనుప మేకులు.

ఆ మేకుల పని తెలియాలంటే మన ఎడ్లకు కొట్టే నాడాలు గుర్తుచేసుకోండి. దుక్కి దున్నే ఎద్దుకు నాడాలు అక్కర్లేదు, బండి లాగి కంకర బాట పట్టే ఎద్దుకు కావాలి. గిట్ట అరగదు, బాట మీద పట్టు దొరుకుతుంది. కానీ నున్నటి బండల మీద అదే నాడా జారుతుంది. ఈ జారడం ఒక ప్రాణం తీసిన కథ యూదు చరిత్రకారుడు జోసిఫస్ చెప్పాడు, అయితే ఆ సిపాయి గ్రీకు కాదు, రోమన్ సేనవాడు. క్రీ.శ. 70లో జెరూసలేం గుడి ముట్టడిలో జూలియన్ అనే దళపతి ఒక్కడే శత్రువుల గుంపును తరుముకుంటూ పోయి, రాతి పలకలు పరిచిన ఆవరణలో మేకుల చెప్పులు జారి వెల్లకిలా పడ్డాడు. కవచాల చప్పుడుకు పారిపోయేవాళ్లు వెనక్కి తిరిగి చుట్టుముట్టి చంపేశారు. గరుకు కొండ మీద కాపాడిన ఇనుమే నున్నటి బండ మీద ముంచింది.

మేకుల్లో కూడా డాబు చూపినవాళ్లున్నారు. అలెగ్జాండర్ అనుచరుడు హాగ్నోన్ తన చెప్పులకు వెండి మేకులు కొట్టించుకున్నాడు. ఇట్లాంటి వేషాలు చూసి అలెగ్జాండర్ మందలించాడని ప్లూటార్క్ రాశాడు. ఇనుప మేకుల మీద నడిచిన మామూలు సిపాయిల గతి వేరు. క్రీ.పూ. 326లో పంజాబులో బియాస్ ఒడ్డుకు చేరేసరికి ఎనిమిదేళ్ల నడకకు గుర్రాల గిట్టలు అరిగిపోయాయి, ఆయుధాలు మొద్దుబారాయి, గ్రీకు బట్టలన్నీ చినిగి మన దేశపు గుడ్డలు తిరగకోసి కట్టుకున్నారు. ఆపైన డెబ్భై రోజులు ఆగకుండా వాన. ఇక ఒక్క అడుగు కూడా వేయబోమని సేన మొరాయించింది ఆ ఒడ్డునే. డయోడరస్ ఇచ్చిన ఈ చిట్టాలో చెప్పుల మాట లేదు గానీ, గిట్టలే అరిగిన చోట అట్టలు మిగులుతాయా?

ఆ సేనలోనే ఉన్న నౌకాధిపతి నియర్కస్ మనవాళ్ల కాళ్లకేసి చూసి ఒక ముక్క రాశాడు. అది తర్వాతి కాలపు చరిత్రకారుడు అరియన్ పుస్తకంలో మిగిలింది. భారతీయులు తెల్లటి తోలుతో, ఎంతో పనితనంతో చేసిన చెప్పులు తొడుగుతారట. అట్టలు రంగురంగులవి, బాగా ఎత్తయినవి, మనిషి పొడుగ్గా కనబడాలని. మనిషి ఎత్తు పెంచే మడమ చెప్పులు మన దేశానికి నిన్న మొన్న వచ్చాయనుకునేవాళ్లకు ఇది చెప్పాలి.

గ్రీకులకు మనం పెట్టుకున్న పేరు యవనులు. ఆ మాట దామరచర్లకు ఎగువన, ఇదే కృష్ణ ఒడ్డున, రాతి మీద ఉంది. 3వ శతాబ్దంలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో, ఇప్పటి నాగార్జునకొండలో, బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనంలో సింహళ భిక్షువులు ధర్మం చాటిన దేశాల వరసలో కాశ్మీరం, గాంధారం, చీనాలతో పాటు యవన కూడా వస్తుంది. ఇక్ష్వాకుల ఇంటికి ఉజ్జయిని నుంచి కోడలు వచ్చింది. అక్కడ ఏలేది మధ్య ఆసియా నుంచి వచ్చిన శకులు. ఆ రాకపోకల గుర్తుగా నాగార్జునకొండ రాజప్రాసాదం దగ్గర ఒక స్తంభం మీద మన మనిషి కాని సిపాయి చెక్కి ఉన్నాడు. తలకు టోపీ, పొడుగు చేతుల అంగీ, కాళ్లకు పైజామా, చేతిలో ఈటె. అతను గ్రీకు కాదు, శకుడని పండితులంటారు. మన పక్క శిల్పి పంచె కట్టిన, నగలు పెట్టిన మనుషుల నడుమ ఇతన్ని ఇంత వివరంగా చెక్కాడంటే, అట్లాంటివాణ్ణి కళ్లారా చూసే ఉంటాడు.

1967లో మా పొలాలకు నీళ్లిచ్చిన ఆనకట్టే ఆ విజయపురిని ముంచింది. ముంచక ముందు తవ్వి తీసిన శిల్పాలు సాగరం నడుమ దీవి మీది మ్యూజియంలో ఉన్నాయి. ఈ సెలవులకు మనవణ్ణి అక్కడికే తీసుకుపోతున్నాను. మీరూ పిల్లలను తీసుకొని సాగర్ దాకా బస్సులో పోయి, అక్కడ లాంచీ ఎక్కండి. ఆ ఈటె సిపాయి ముందు నిలబడినప్పుడు టోపీ, ఈటె చూసి ఫొటో తీసుకొని వచ్చేయకుండా, కాస్త వంగి పాదాలకు ఏం చెక్కారో చూడండి.